తెల్ల ఉడుకు

అక్టోబర్ 11, 1621, గురువారం

డోర్తేకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ముందు పుట్టిన ఇద్దరూ బాప్తిస్మానికి ముందే పోయారు కాబట్టి ఈసారి వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఈ పిల్ల ఏడుపు మాత్రం కొండ మీద రాళ్ళు కొట్టే తండ్రి లోరెంజ్‌కి కూడా వినబడి ఉంటుంది.

బాప్తిస్మంలో బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లిని నేనే. పేరు కూడా నాదే పెడతారట, యుస్టీనా అని. డోర్తే నాకు పిన్ని కూతురు. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పెరిగాం. నాకు పిల్లలు లేరు. ఇకనుంచి నా పేరైనా ఒక ఇంట్లో పాకుతుంది, నడుస్తుంది.

మా ఇద్దరికీ బాప్తిస్మం నాడు ఒంటికి చుట్టే గుడ్డపట్టీలో నాణెం కట్టింది గనుల ఊరి పెద్దత్త. ఇద్దరికీ ఒకటే రకం గ్రోషెన్. చెట్టును పిడికిట్లో పట్టుకుని నిలబడ్డ అడవి మనిషి బొమ్మ, పాత మంచి వెండి. నా దాన్ని డోర్తే బిడ్డకే కడతానని దాని పెళ్ళినాడే అందరి ముందూ మాటిచ్చాను. ఊరంతా గుర్తుపెట్టుకుంది. ఇలాంటివి ఊరు మర్చిపోదు.

అక్టోబర్ 13, శనివారం

ఈ పంచాంగంలో ప్రతి పుటకీ ఎదురుగా ఒక ఖాళీ పుట వదులుతారు, వాన పడిందీ ఆవు ఈనిందీ రాసుకోవడానికి. మాకు ఆవు లేదు. మా ఆయన వాల్టిన్ సంతల పుట తప్ప ఇంకేమీ తిప్పడు. అందుకని ఇది నాది.

పోయినేడు దాకా ఇది పిండిమర. ఇప్పుడు ప్రభువుగారి దగ్గర కౌలుకు తీసుకున్న టంకశాల. వాల్టిన్, పనివాళ్ళూ కొలిమి దగ్గర. నేను కాగు దగ్గర. కొట్టిన గ్రోషెన్లు నా దగ్గరికి వచ్చేసరికి కుక్క నాలుకలా ఎర్రగా ఉంటాయి. వాటిని కాల్చి, ఉప్పూ, వైను పీపాల లోపల గడ్డకట్టే పులుపు పెచ్చూ వేసిన నీళ్ళలో ఉడికిస్తాను. పైనున్న రాగి కరిగిపోతుంది. ఉన్న కాస్త వెండీ పైకి తేలుతుంది. తీసి రంపపు పొట్టులో దొర్లిస్తే పెళ్ళికూతురి పళ్ళలా మెరుస్తాయి. దీన్ని తెల్ల ఉడుకు అంటారు. నా అంత తెల్లగా ఈ చుట్టుపక్కల ఎవరూ ఉడికించలేరు. ఇది గొప్పకి రాయడం లేదు, వాల్టినే అంటాడు.

"ఇందులో వెండి ఉందా అసలు?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు లేదూ, బీదవాడి చారులో మాంసం ఉన్నట్టు ఉంది. ఓపిగ్గా వెతుక్కోవాలి అంతే," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. వెండి ఉంది అందులో. లేకపోతే తెల్లగా ఎలా వస్తుంది?

శనివారం కాబట్టి సాయంత్రం వీధంతా పరుగులు. కొండ మీద మా గ్రోషెన్లే కూలిగా చేతిలో పడగానే రాళ్ళు కొట్టేవాళ్ళ పెళ్ళాలు రొట్టెలవాడి దగ్గరికి పరిగెత్తుతారు. శనివారం తెల్లగా ఉన్నది పది రోజులకి అంచులో ఎర్రబడుతుంది కదా, అప్పుడు వాడు తీసుకోడు. చేతుల్లో తిప్పీ తిప్పీ వాళ్ళే పాడు చేస్తారు అంటాడు వాల్టిన్.

పెట్టెలో అడవి మనిషి కనబడలేదు. రేపు వెలుగులో వెతకాలి.

అక్టోబర్ 14, ఆదివారం, బాప్తిస్మం

కనబడలేదు.

పెట్టె బోర్లించాను. పరుపు విప్పాను. గంటలు మొదలయ్యాయి, మంత్రసాని హెడ్విగ్ బిడ్డనెత్తుకుని మా గుమ్మం దాకా వచ్చేసింది, "టంకశాలమ్మగారు ఇంకా ముస్తాబవుతున్నారా, దేవుడు వేచి ఉన్నాడు," అని అరుస్తోంది. కాగు పక్కన పళ్ళెంలో నిన్నటివి ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే నిండుగా ఉన్నది ఏరాను. మూడుసార్లు ఉడికించినది అది, నమూనాకని పక్కన పెట్టింది. మిగతావన్నీ ఒక్కసారే. కాగితంలో చుట్టి, గుడ్డలో చుట్టి, దారంతో బిగించాను. బాప్తిస్మపు తొట్టి దగ్గర నా చేత్తోనే గుడ్డపట్టీలో, పిల్ల పొట్ట మీద కట్టాను.

పురుడు ఆరు వారాలు. తల్లి మళ్ళీ చర్చిలో అడుగుపెట్టే రోజు దాకా ఆ పొట్లం ఎవరూ విప్పరు. విప్పితే పిల్ల అదృష్టం ఎగిరిపోతుందంటారు. ఆ రోజున ఆడవాళ్ళందరి ముందూ మంత్రసాని విప్పి, బల్లమీద మోగించి చూపిస్తుంది. ఈలోపు ఒక పాత మంచి గ్రోషెన్ సంపాదించి మార్చేస్తే సరి. ఆరు వారాలంటే చాలా రోజులు.

పిల్ల నా చూపుడువేలు పట్టుకుంది. వదల్లేదు.

అక్టోబర్ 16, మంగళవారం

వాల్టిన్‌ని అడిగాను. పోయిన వారం పాత వెండి మూసలో వేసేటప్పుడు పెట్టెలో చిల్లర కూడా తీశాడట. ప్రభువుగారి గుమాస్తా తొందర పెట్టాడట.

"అందులో నీది కూడా ఉందేమో, నాకేం తెలుసు? చీకట్లో అన్ని నాణేలూ ఒకటే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. గడ్డం పట్టుకుని బతిమాలాడు, తప్పయిపోయిందన్నాడు. పాపం, తెలియక చేశాడు. పెళ్ళికి ముందు అదే నాణేన్ని ఆకురాయితో అంచున చిన్న గీత గీసి చూసి, "నువ్వూ మంచిదానివే, నీ వెండీ మంచిదే," అన్నాడు. ఆ గీత మీద ఎన్నిసార్లు వేలు పెట్టి నవ్వుకున్నానో.

తెలియకే చేశాడు.

అక్టోబర్ 21

మూడుసార్లు ఉడికించాను దాన్ని. ఆగుతుంది.

అక్టోబర్ 24, బుధవారం

తెలుపు ఆగుతుందో లేదో తెలుసుకోకుండా నిద్ర పట్టేలా లేదు. అదే పళ్ళెంలోంచి ఇంకోటి తీసి మూడుసార్లు ఉడికించి, అలాగే కాగితంలో, గుడ్డలో చుట్టి నా రవిక లోపల, ఒంటికి ఆనించి కట్టుకున్నాను. నేను పెద్దదాన్ని, కాగు దగ్గర చెమటలు కక్కుతాను. పసిపిల్లకి అంత చెమట ఎక్కడిది? నా దగ్గర ఆగితే దాని దగ్గర తప్పకుండా ఆగుతుంది.

పసిపిల్లని తడిపేది చెమట ఒక్కటే కాదు కదా. ఆ సంగతి ఇప్పుడే తోచింది.

నవంబర్ 2, శుక్రవారం

ఈ ఊళ్ళో పాత గ్రోషెన్ దొరకడం కంటే కోడిపళ్ళు దొరకడం తేలిక. పాస్టరుగారి భార్యని అడిగాను, రెండు రొట్టెల పిండి ఎక్కువ ఇస్తానన్నాను. "ఉన్నవన్నీ మీ ఆయనే కొన్నాడు కదమ్మా," అంది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. సూదులమ్మేవాడు నా మొహం చూసి మూట ముడివేసుకున్నాడు. కసాయివాడు, "నా దగ్గరుందని మీ ఆయనకి చెప్పడానికా?" అన్నాడు.

నిజమే. ఊళ్ళో వెండంతా మా ఇంటికే వచ్చింది. మా ఇంట్లోనే లేదు.

నవంబర్ 11, ఆదివారం, మార్టిన్ పండగ

బాతు మాంసం ఒక తొడ పట్టుకుని డోర్తే ఇంటికి వెళ్ళాను. పిల్లని స్నానానికి విప్పే వేళ చూసుకునే వెళ్ళాను. మార్చడానికి మంచి నాణెం ఇంకా లేదు, కానీ పొట్లం పైనుంచైనా ఎలా ఉందో చూడాలనిపించింది.

డోర్తే బాతు ముక్క అందుకుంది, వాసన చూసి కళ్ళు మూసుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. పాలిచ్చే మనిషి తినాల్సిన తిండి తినడం లేదు.

"ఇలా ఇవ్వు, నేను పోస్తాను నీళ్ళు," అని చేతులు చాపాను.

"వద్దక్కా. నీ చేతులు పులుపు కంపు. పిల్ల తుమ్ముతుంది," అంది. ఎప్పుడూ అలా అనలేదు.

హెడ్విగ్ అక్కడే మూల కూర్చుని బీరు చారు జుర్రుకుంటోంది. "ఏం టంకశాలమ్మా, కొత్త గ్రోషెన్లు బాగానే ఉడుకుతున్నాయా? నిన్న ఒకటి వెనిగర్లో పడేశా, సాయంత్రానికి సిగ్గుపడి ఎర్రబడింది. పైన పటారం, లోన లొటారం," అంది.

"నువ్వు వెనిగర్లో పడితే నువ్వూ ఎర్రబడతావ్ అవ్వా," అన్నాను.

"నేను పడినా మంత్రసానినే తల్లీ, తేలాక ఇంకో మనిషినవను," అంది. డోర్తే నవ్వలేదు. పిల్లని తిప్పి ఒళ్ళో దాచుకుని, నాకు వీపు పెట్టి గుడ్డపట్టీ మార్చింది. దాని భుజం మీదుగా ఏమీ కనబడలేదు.

గుమ్మం దాకా వచ్చి హెడ్విగ్, "అడవి మనిషిని చూడాలనుంది, ఈ ముసలి కళ్ళకి మంచి వెండి కనబడి ఏడాదయింది," అంది.

నేను తలూపాను.

నవంబర్ 14, బుధవారం

రవిక విప్పి చూశాను. నాణెం అంచు చుట్టూ ఎర్రగా, మధ్యలో ప్రభువుగారి ముక్కు ఎర్రగా. గుడ్డ మీదా, నా ఒంటి మీదా పచ్చటి వలయం. సబ్బుతో రుద్దినా పోలేదు.

చిన్నదాని పొట్ట మీద కూడా ఇలాగే ఉండి ఉంటుంది. నా చేత్తో కట్టాను. నాకు నా మీదే అసహ్యం వేసింది, కాసేపు నూతి గట్టు మీద కూర్చున్నాను.

నవంబర్ 15

కాల్చేటప్పుడు వేడి తక్కువైందేమో. నాలుగుసార్లు ఉడికించి ఉండాల్సింది.

నవంబర్ 19, సోమవారం

తాళ్ళు పేనే ముసలామె, బర్తల్ పెళ్ళాం, వచ్చింది. మొగుడు పోయి పది రోజులయింది. చెంగు ముడి విప్పి మూడు పాత గ్రోషెన్లు త్రాసులో పెట్టింది. ఏడు కొత్తవి ఇస్తానన్నాడు వాల్టిన్. ఆమె వేళ్ళతో లెక్క వేసుకుని, "మూడుకి ఏడా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి బాబూ," అంది. ఆమె మొహంలో సంతోషం చూడలేకపోయాను.

వాల్టిన్ ఆమెని సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళాడు. అంత మర్యాదస్తుడు. త్రాసులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. తిరిగొచ్చి రెండే చూసి, "ముసలిది భలే ఘటం, మూడని రెండే పెట్టింది చూడు," అని పకపకా నవ్వాడు. బుగ్గలో నాణెం ఉంది, నేను నవ్వలేను, తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉంది. మావి నోట్లో పెట్టుకుంటే తుప్పు రుచి వస్తుంది.

అడవి మనిషి కాదు ఇది, సింహం బొమ్మ. అయినా మంచి వెండి. అడవి మనిషి ఏదని అడిగితే ఏదో చెప్పొచ్చు. అరిగిపోయింది, అంతకంటే మంచిది కట్టానని చెప్పొచ్చు. ముందు ఆ ఎర్రది పిల్ల ఒంటి మీంచి తీయాలి.

నవంబర్ 22, గురువారం

వెళ్ళాను. హెడ్విగ్ లేదు. లోరెంజ్ కొండ మీద ఉన్నాడు. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. సింహం నా రవిక చేతి మడతలో ఉంది, పొట్లం కట్టి, అదే దారంతో.

"డోర్తే, కాసిని నీళ్ళు తోడుకురావా, గొంతెండిపోతోంది," అన్నాను.

"కుండలో ఉన్నాయిగా, ముంచుకో," అంది. కదల్లేదు. ఉయ్యాల అంచు మీద చెయ్యి వేసి కూర్చుంది.

"కాస్త నడుం వాల్చు, నేను చూస్తా పిల్లని."

"నేను చూసుకుంటాలే అక్కా."

ఇద్దరం ఉయ్యాలకి అటొకరూ ఇటొకరూ చాలాసేపు కూర్చున్నాం. దాని కళ్ళు నా చేతి మడత మీద పడ్డట్టు అనిపించింది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం నాదే అనుకున్నాను. చివరికి అదే అడిగింది, "ఆదివారం వస్తావుగా?"

"రాకుండా ఎలా ఉంటాను?"

"అదే. రాకుండా ఉండకు," అంది.

నవంబర్ 24

జ్వరం వచ్చిందని పడుకుంటే? జ్ఞానతల్లి లేకపోయినా పొట్లం విప్పుతారు.

నవంబర్ 25, ఆదివారం

వెళ్ళాను.

చర్చి అయ్యాక డోర్తే ఇంట్లో ఆడవాళ్ళందరూ పోగయ్యారు. ఎండు రేగుపండ్ల రొట్టె ఒకటి, ముక్కలు ఎంత పల్చగా కోశారంటే అవతలి మనిషి కనబడుతుంది. పాస్టరుగారి భార్య వచ్చింది. రొట్టెలవాడి పెళ్ళాం వచ్చింది. రాళ్ళు కొట్టేవాళ్ళ పెళ్ళాలు గోడ వెంట నిలబడ్డారు. నన్ను బల్ల దగ్గర పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. జ్ఞానతల్లి కుర్చీ.

హెడ్విగ్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పిల్లని బల్ల మీద పడుకోబెట్టింది. గుడ్డపట్టీ ఒక్కో చుట్టే విప్పింది. లేచి చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. పొట్లం బయటికి వచ్చింది. దారం తెంపింది. గుడ్డ. కాగితం.

బల్ల మీద నాణెం మోగింది.

ఖంగున మోగింది, గ్లాసు మీద చెంచా తగిలినట్టు. గోడ దగ్గరున్న ఆడవాళ్ళు ఒక్కసారి ముందుకు వంగారు. హెడ్విగ్ దాన్ని వెలుగులో పట్టుకుని, "అడవి మనిషి," అంది. "మాట నిలబెట్టుకున్నావమ్మా. టంకశాలలో ఉండి కూడా నిలబెట్టుకున్నావ్. నేను నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకు." ఆ ముసలిది నా చెయ్యి పట్టుకుంది. నాణెం చేతులు మారింది. ఒకామె దాన్ని బుగ్గకి ఆనించుకుంది. ఎవరో ముక్కు చీదారు.

నా చేతికి వచ్చింది. నా నాణెమే తిరిగొచ్చిందని ఒక్క క్షణం నమ్మాను. దేవుడు చేశాడనుకున్నాను. వేలు అంచు మీద పెట్టాను. గీత కోసం చుట్టూ వెతికాను.

గీత లేదు.

ఇది డోర్తేది.

తలెత్తి చూస్తే అది పిల్లకి పట్టీ చుడుతోంది. నా వైపు చూడలేదు.

అందరూ వెళ్ళాక పెరట్లో గిన్నెలు తోముతుంటే వెనకే వెళ్ళాను. తడిచెయ్యి పావడాకి తుడుచుకుని, జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టింది. నా మూడు ఉడుకుల గ్రోషెన్. ఎర్రగా, అంచున పచ్చగా.

"మార్టిన్ పండక్కి ముందే చూశానక్కా. పొట్ట మీద పచ్చగా పడింది. హెడ్విగ్ అడిగితే ఆకు పసరు పూశానని చెప్పా."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఎర్ర నాణెం మీద గుప్పిట మూశాను.

"నీ పరువు కాపాడాననుకోకు," అంది గిన్నె తోముతూనే. "ఎవరికైనా కోపం రావాలి, నాకూ వచ్చింది. రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూనే పాలిచ్చా. కానీ దానికి నీ పేరు పెట్టేశాం. బాప్తిస్మం నీళ్ళతో పెట్టిన పేరు కడిగేస్తే పోదు. రేపు ఊళ్ళో యుస్టీనా అంటే ఎర్ర గ్రోషెన్ అని పిలిస్తే, ఆ పిలుపుకి పలకాల్సింది నువ్వొక్కదానివే కాదుగా."

"నీ అడవి మనిషి..."

"చలికాలం రై గింజలకి దాచుకున్నా. ఇప్పుడది పిల్లది. పిల్ల కట్టు సొమ్ము ముట్టుకోకూడదు కదా."

సింహం నాణెం తీసి చాపాను. "ఇది తీసుకో. మంచి వెండి. గింజలు కొనుక్కో."

అది తీసుకోలేదు. తిప్పి చూసింది కూడా లేదు. "ఎవరిదక్కా ఇది?"

నాణేన్ని వెనక్కి తీసుకున్నాను.

"అయితే వద్దు," అంది. "లోరెంజ్ శనివారం కూలి తెస్తాడు. ఎర్రబడేలోపు పరిగెడతాం. మాకలవాటే."

నవంబర్ 27, మంగళవారం

సింహాన్ని తాళ్ళు పేనే ముసలామెకి ఇచ్చేశాను. తలుపు సందులోంచి తీసుకుని, కొరికి చూసి, "ఇదేం కొత్త మోసం తల్లీ?" అంది. మోసం కాదన్నాను. "అయితే ఇంకా భయం," అని తలుపేసుకుంది.

నవంబర్ 29, గురువారం

వాల్టిన్ రేపు తెల్లారి సంతకి బయల్దేరుతున్నాడు, రాగి కొనడానికి. వెండి అనలేదు, రాగి అన్నాడు. శనివారం కూలికి రెండింతలు ఉడికించి పెట్టమన్నాడు, కోట గోడ పని పెరిగిందట.

మూట కడుతుంటే అడిగాను. "అడవి మనిషిని మూసలో వేసేటప్పుడు దాని మీద గీత కనబడలేదా?"

మూట ముడి వేస్తూనే, "కనబడింది," అన్నాడు. "అబ్బ, ఇంకా అదేనా స్టీనా? సంతలో అలాంటివి నాలుగు కొనిస్తాను."

అంత తేలిగ్గా చెప్పాడు. చీకట్లో అన్నీ ఒకటేనన్న మాట అతనికి గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఇన్నాళ్ళూ ఆ అబద్ధం దుప్పటిలా పనికొచ్చింది. అతను వేసినా, కప్పుకున్నది నేనే.

డిసెంబర్ 1, శనివారం

నిన్నంతా కాగు ముందు కూర్చున్నాను. పొయ్యి రాజెయ్యలేదు. పులుపు పెచ్చు కడవలోనే ఉంది. కొట్టిన గ్రోషెన్లు కొట్టినట్టే, ఎర్రగా, సంచుల్లో పోశాను. మూతులు కట్టి మైనం ముద్ర వేశాను.

పొద్దున గుమాస్తా వచ్చాడు. మంచు పడుతోంది. సంచులు తూచుకున్నాడు, విప్పలేదు, ఎప్పుడూ విప్పడు. "మీ ఆయన లేకపోయినా పని ఆగలేదు, భేష్," అని బండెక్కాడు. బండి మలుపు తిరిగేదాకా చూశాను. ఇంకా కేకేసి ఆపొచ్చు అనుకుంటూనే చూశాను.

ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు. కత్తిపీటా గొడ్డళ్ళూ ఎవరి చేతికీ దొరక్కూడదని పనివాళ్ళకిచ్చి వాళ్ళ ఇళ్ళకి పంపేశాను. తలుపు గడియ తీసి బల్ల దగ్గర కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక కొండ మీంచి దిగారు. మామూలుగా శనివారం పరిగెత్తేది ఆడవాళ్ళు. ఇవాళ ముందు మగవాళ్ళున్నారు, ఎవరూ పరిగెత్తడం లేదు. అది చూసి భయం వేసింది. లోరెంజ్ ముందున్నాడు. వాకిట్లో ఆగి, పిడికిలి తెరిచి చూపించాడు.

"వదినా, ఇవి ఉడికించడం మర్చిపోయినట్టున్నావ్," అన్నాడు. వెనకెవరో నవ్వారు. అతను నవ్వలేదు.

"మర్చిపోలేదు లోరెంజ్. అవి ఉండేదే అలాగ. మీరు ఏడాది నుంచీ తీసుకుంటున్నవి ఇవే. నేను సున్నం కొట్టి పంపేదాన్ని."

"ఇప్పుడెందుకు చెబుతున్నావ్?"

"మీరు శనివారం శనివారం పరిగెడుతుంటే ప్రభువుగారికేం నష్టం లేదు. తెల్లగా ఉన్నంతసేపూ మీరు తీసుకుంటారు. ఎర్రవాటిని తీసుకోకండి. కూలి కింద గింజలు అడగండి. కోట గాదెలో ఉన్నాయి."

ఒక నాణెం వచ్చి నా నుదుటికి తగిలింది. తర్వాత కిటికీ. తర్వాత లోపలికి జొరబడి అచ్చులు విరిచారు, దాగలి బయటికి ఈడ్చి ఏట్లోకి దొర్లించారు. లోరెంజ్ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆవిడ జోలికి పోకండి," అని అందరినీ బూతులు తిట్టాడు. కాగు దగ్గరికి ఒకడు సమ్మెట ఎత్తుకెళ్తే, "అది బట్టలు ఉతుక్కునే కాగు రా, వదిలెయ్," అన్నాడు.

కొట్టినా బావుండేది అనిపించింది.

ఇప్పుడు అందరూ కోట వైపు వెళ్ళారు. ఇక్కడికి అరుపులు వినబడుతున్నాయి. డోర్తే రాలేదు.

డిసెంబర్ 5

మోసం అంతా కౌలుదారుదేనట. ప్రభువుగారికి ఇప్పుడే తెలిసిందట, చాలా బాధపడ్డారట. అయినా గాదె తెరిచారు. రాళ్ళు కొట్టేవాళ్ళకి కూలి రై గింజల్లో.

డిసెంబర్ 20

వాల్టిన్ దగ్గర్నుంచి కబురు. ఇంకో ప్రభువుగారి ఊళ్ళో, ఇంకో ఏటి పక్కన, ఇంకో పిండిమర దొరికిందట. కాగు సిద్ధంగా ఉందట, వెంటనే రమ్మన్నాడు. నన్ను తిట్టలేదు. దానికే అన్నిటికంటే బాధేసింది. కబురు తెచ్చినవాడికి ఒక గిన్నెడు చారు పోసి, జవాబు లేదని పంపాను.

ఏప్రిల్ 23, 1622, మంగళవారం

కొత్త పంచాంగంలో రాయడం ఇదే మొదలు. రాయడానికేముంది, చలికాలమంతా ఊరి బట్టలు ఉతికాను. కాగులో ఇప్పుడు దుప్పట్లు ఉడుకుతాయి. కూలి కింద బఠాణీలు, ఉప్పు చేప, ఒకసారి అర బాతు. మొదట ఎవరూ ఇవ్వలేదు. హెడ్విగ్ తన పురుటి గుడ్డల మూట తెచ్చి గుమ్మంలో పడేసి, "తెల్లగా ఉడికించడం నీకు చేతనైన పనేగా," అంది. ఆమె వెనకే మిగతావాళ్ళు వచ్చారు.

డోర్తే రాలేదు. దాని బట్టలూ రాలేదు. చర్చిలో అటు పక్క కూర్చుంటుంది. ఒళ్ళోని పిల్ల మాత్రం వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది, నా పేరు పెట్టుకున్న మొహం.

ఇవాళ హెడ్విగ్ ఉతికిన గుడ్డలు తీసుకోవడానికి వచ్చి, మడతలు లెక్కపెట్టినట్టు నటిస్తూ చాలాసేపు నిలబడింది.

"చిన్నదాని పొట్ట మీద మచ్చ పోయింది," అంది.

చేతిలో దుప్పటి జారిపోయింది. "నీకు తెలుసా అవ్వా?"

"యాభై ఏళ్ళుగా పిల్లల పొట్టలు చూస్తున్నా. పచ్చ పసరు ఏదో, పచ్చ రాగి ఏదో తెలీదా? వాళ్ళమ్మ ఆకు పసరంది, సరే ఆకు పసరే అన్నా." గుడ్డలు సంకనెట్టుకుంది. "పళ్ళొస్తున్నాయి దానికి. చిరాకు, ఒకటే ఏడుపు. కొరకడానికి గట్టిది ఏదైనా ఉంటే పట్రమ్మని వాళ్ళమ్మ కబురు చెప్పమంది. నాణెం మాత్రం వద్దంది."

ఆమె వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కున్నాను.

ఇంట్లో రై రొట్టె అంచు ఒకటి ఉంది, పొయ్యి మీద పెట్టి రాయిలా ఎండబెట్టాను. శుభ్రమైన గుడ్డలో చుట్టి దారం కట్టాను. చేతులు రెండుసార్లు కడిగి వాసన చూసుకున్నాను. పులుపు కంపు లేదు, సబ్బు వాసనే. ఇప్పుడే బయల్దేరుతున్నాను.